రెండో ఏడాదికి యూనివర్సిటీ మారాలంటే: మేనకోడలికి అత్తయ్య ఉత్తరం

చిట్టితల్లీ,

నాన్నకి సికింద్రాబాద్ బదిలీ అయిందనీ, నువ్వు కూడా విశాఖలో బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఆపి హైదరాబాద్‌లో సెకండియర్ బీఎస్సీలో చేరాలనుకుంటున్నావనీ వదిన ఫోన్‌లో చెప్పింది. "ఈ వారమే టీసీ తీసేసుకుంటాం, అక్కడికొచ్చాక మిగతాది నువ్వు చూడు" అంది. టీసీ మాట కొన్నాళ్లు ఎత్తకండి. ఫలానా సెమిస్టర్‌లో చేర్చుకుంటామని అవతల యూనివర్సిటీ నుంచి కాగితం చేతికి రాకముందే టీసీ తీసుకుంటే రెంటికీ చెడ్డ రేవడి బతుకే అవుతుంది. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒకమ్మాయి ఇలాగే టీసీ పట్టుకుని వచ్చింది. సీటు ఖాళీ ఉంది, రమ్మని నోటిమాటగా చెప్పిన కాలేజీవాళ్లే, ఫైలు యూనివర్సిటీకి వెళ్లి పేపర్లు కలవలేదని తిరిగొచ్చాక, మా చేతుల్లో ఏమీ లేదన్నారు. పాత కాలేజీకి వెళ్తే అక్కడ పేరు కొట్టేశారు. ఆ పిల్లకి ఏడాది పోయింది.

ఫస్టియర్ పాసయ్యాను కాబట్టి సెకండియర్‌లో కూర్చోబెడతారని నువ్వు అనుకుంటున్నావేమో. అలా ఉండదు. నువ్వు చదివిన ఒక్కో పేపర్‌నీ వాళ్ల పేపర్ పక్కన పెట్టి చూస్తారు. ఆ చూసే పని కొన్నేళ్లు నేనూ చేశాను. టేబుల్ మీదకు ఫైలు వస్తుంది. పైన మార్కుల మెమో, కింద దరఖాస్తు. మెమోలో పేపర్ పేరు, క్రెడిట్లు, గ్రేడు తప్ప ఏమీ ఉండవు. పేరు ఒకటే అయినంత మాత్రాన లోపల పాఠం ఒకటే అని ఎవరూ సంతకం పెట్టరు. యూనిట్లవారీ సిలబస్ జత చేయకపోతే "సిలబస్ కాపీ జతపరచవలెను" అని రాసి ఫైలు వెనక్కి పంపేస్తారు. అలా వెనక్కి వెళ్లిన ఫైలు మళ్లీ పైకి వచ్చేసరికి కొత్తచోట క్లాసులు సగం అయిపోతాయి.

అందుకని ముందు సిలబస్. రెండు సెమిస్టర్లదీ, థియరీతో పాటు ప్రాక్టికల్స్ జాబితా, వారానికి ఎన్ని గంటలు అన్నది కూడా ఉన్న కాపీ తీసుకో. ప్రతి పేజీ మీదా ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ సీలు వేయించు. మీది సిలబస్ తనే తయారుచేసుకునే అటానమస్ కాలేజీ అయితే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో దొరికే సిలబస్ పనికిరాదు, మీ కాలేజీలో సిలబస్ ఖరారుచేసే కమిటీ, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్, ఆమోదించిందే కావాలి. చాలామంది పిల్లలు ఇక్కడే పొరబడతారు.

ఇప్పుడు నీ అసలు చిక్కు చెప్తాను. ఆంధ్రలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు మైనర్‌గా ఇంకొకటి. నువ్వు చేరింది అందులోనే. మొదటి సెమిస్టర్‌లో బయాలజీ పిల్లలందరికీ ఉమ్మడిగా క్లాసికల్ బయాలజీ, అప్లైడ్ బయాలజీ పరిచయ పేపర్లు చెప్పారు కదా. అంటే నీకు బయోకెమిస్ట్రీ మొదలైంది రెండో సెమిస్టర్‌లోనే. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో ఇన్నాళ్లుగా నడుస్తున్నది మూడు సబ్జెక్టుల కాంబినేషన్. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ లాంటివి కలిపి మొదటి సెమిస్టర్ నుంచే చదువుతారు. నువ్వు మూడో సెమిస్టర్‌లో వచ్చి కూర్చుంటే పక్కనున్న పిల్లలు మూడు సబ్జెక్టుల్లోనూ రెండేసి సెమిస్టర్లు అయిపోయినవాళ్లు. నీ మైనర్ కెమిస్ట్రీ అయితే అందులో కొంత కలుస్తుంది. మూడో సబ్జెక్టు సంగతేమిటన్నది పెద్ద ప్రశ్న. కలవని పేపర్లను నువ్వు జూనియర్లతో కలిసి రాయాలని షరతు పెట్టి చేర్చుకోవచ్చు, అసలు కుదరదనీ అనవచ్చు. ఏది అన్నా కాగితం మీద అనిపించుకో. భాషల పేపర్లు కూడా చూసుకో, అవి ఎన్ని సెమిస్టర్లు ఉంటాయన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

పేపర్లు కలిశాయని వాళ్లన్నా నీ మట్టుకు నువ్వు ఇంకోటి చూసుకోవాలి. మన సబ్జెక్టులో పాఠాల వరస ముఖ్యం. మామూలుగా ముందు బయోమాలిక్యూల్స్, తర్వాత ఎంజైములు, ఆ మీద మెటబాలిజం, చివర్లో మాలిక్యులర్ బయాలజీ, ఇమ్యునాలజీ, క్లినికల్ వైపు వెళ్తారు. ఏ సెమిస్టర్‌లో ఏది అన్నది మాత్రం యూనివర్సిటీని బట్టి మారుతుంది. మధ్యలో మారినవాళ్లకి ఒక పాఠం రెండుసార్లు రావచ్చు, దాంతో నష్టం లేదు. అసలు తగలకుండా పోవడమే ప్రమాదం. ఎంజైముల పేపర్ తప్పిపోయి నేరుగా గ్లైకాలసిస్, అంటే గ్లూకోజ్ పది మెట్లలో విడిపోయే పాఠం, క్లాసులో కూర్చున్నావనుకో. అందులోని ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైముని కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఆపుతుంది, ఏఎంపీ ముందుకు తోస్తుంది అని మేడమ్ చెప్తారు. ఏటీపీ ఆ ఎంజైముకి సబ్‌స్ట్రేట్ (ఎంజైము పనిచేసే పదార్థం) కూడా కదా, తనే ఎలా ఆపుతుంది అని నీకు అనుమానం రావాలి. యాక్టివ్ సైట్ ఒకటి, ఏటీపీ ఎక్కువైనప్పుడు వెళ్లి కూర్చునే అల్లోస్టెరిక్ సైట్ వేరొకటి అని ముందే చదివినవాళ్లకి అది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చదవనివాళ్లు పది మెట్లూ బట్టీ పట్టి పరీక్షలో కక్కేసి వస్తారు. ఎంజైము వేగం లెక్కలకి వాడే కేఎమ్, వీమ్యాక్స్, లైన్‌వీవర్-బర్క్ గ్రాఫ్, ఈ మూడూ గట్టిగా రాకపోతే ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌లో కూడా తడబడతావు. అవతల ఏ యూనిట్ మిస్సవుతున్నావో ఇప్పుడే పెన్సిల్‌తో గీసుకుంటే ఈ సెలవుల్లోనే చదివేసుకోవచ్చు.

ప్రాక్టికల్ రికార్డు మాత్రం పాత పేపర్లవాడికి వేసేయకు. మొదటి పేజీలో సర్టిఫికెట్ మీద లెక్చరర్, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకాలు ఉన్నాయో లేదో చూడు. ప్రాక్టికల్స్ దగ్గర తేడా వచ్చినప్పుడు ఆ రికార్డు చూసి ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు. నేనైతే రికార్డు చూస్తూ పిల్లల్ని ఒకటి రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. లాలాజలంలో పిండిని విడగొట్టే ఎంజైము అమైలేజ్ ప్రయోగం చేశానని రాసుకున్న పిల్లని, టైల్ మీద అయోడిన్ చుక్కలు ఎందుకు వరసగా పెడతారని అడిగితే చాలు. నిమిషానికోసారి ఆ పిండి మిశ్రమం ఒక్కో అయోడిన్ చుక్కలో కలుపుతూ పోతే నీలం, ఊదా, ఎరుపు దాటి చివరికి అయోడిన్ రంగే మిగులుతుంది, అక్కడ ఆపి టైం రాసుకుంటాం అని చెప్పే పిల్ల చేసినట్టు. మిగతావాళ్లు పక్కవాళ్ల రికార్డు చూసి ఎక్కించినట్టు. ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ చేశారా మీరు? అది ఫిస్కే, సుబ్బారావు 1925లో ఇచ్చిన పద్ధతి. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. వైవాలో ఈ ముక్క చెప్తే ఎగ్జామినర్ ముఖం వికసిస్తుంది, రాసిపెట్టుకో.

క్రెడిట్లన్నీ ఆన్‌లైన్ ఖాతా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఉన్నాయి కదా అత్తయ్యా అంటావని తెలుసు. ఉంటే మంచిదే. డిజిలాకర్‌లోకి వెళ్లి నీ రెండు సెమిస్టర్లూ అక్కడ ఎక్కాయో లేదో ఈ రోజే చూడు. ఎక్కకపోతే మీ ఎగ్జామ్ బ్రాంచ్ వెంటపడాలి. యూజీసీ 2021లో తెచ్చిన ఆ నిబంధనల ప్రకారం క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుతాయి, డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. నీకు ఒక ఏడాదే అయింది కాబట్టి ఆ సగం లెక్కతో ఇబ్బంది లేదు. కానీ ఆ ఖాతా చెప్పేది నీకు ఇన్ని క్రెడిట్లు ఉన్నాయని మాత్రమే. వాటిని ఏ పేపర్ కింద లెక్కేసుకోవాలన్నది చేర్చుకునే యూనివర్సిటీ ఇష్టం.

వరస ఇలా పెట్టుకో. సిలబస్ కాపీలు, మెమోలు పట్టుకుని ముందు హైదరాబాద్‌లో నువ్వు అనుకుంటున్న కాలేజీకి వెళ్లి హెచ్‌ఓడీని కలువు, ప్రిన్సిపాల్‌ని తర్వాత. ఖాళీ ఉందో లేదో ఆఫీసువాళ్లు చెప్తారు, పేపర్లు కలుస్తాయో లేదో హెచ్‌ఓడీకే తెలుస్తుంది. మధ్యలో చేరేవాళ్లకి తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానం దోస్త్ వర్తించదు, అది ఫస్టియర్ అడ్మిషన్లకి. దరఖాస్తు కాలేజీ ద్వారా యూనివర్సిటీ అకడమిక్ సెక్షన్‌కి వెళ్లాలి. అక్కడి అనుమతి లెటర్ వచ్చాక మీ కాలేజీ, మీ యూనివర్సిటీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం). ఆ తర్వాతే టీసీ, కాండక్ట్, మైగ్రేషన్. టీసీ ఇచ్చేది కాలేజీ, మైగ్రేషన్ ఇచ్చేది యూనివర్సిటీ, ఒకటి తీసుకుని రెండోది మర్చిపోయేవాళ్లు బోలెడుమంది. సప్లీ ఏదైనా ఉంటే కట్టేసి పాసయ్యాకే కదులు. మిగిలిపోయిన పేపర్‌కి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి పరీక్ష రాయడం పెద్ద టెన్షన్.

డబ్బు సంగతి నాన్నతో నువ్వే మాట్లాడు. రాష్ట్రం మారితే ఇప్పుడొస్తున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ అలాగే వస్తుందని లెక్క వేసుకోవద్దు.

నన్నడిగితే ఒక మాట. కలవని పేపర్లు రెండో మూడో అయితే వచ్చేయి, జూనియర్లతో కూర్చుని రాసేద్దువు గాని. మూడో సబ్జెక్టు మొత్తం మొదటి నుంచి చదవాలంటే మాత్రం రావద్దు, విశాఖలోనే హాస్టల్‌లో ఉండి డిగ్రీ పూర్తిచెయ్. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకి హైదరాబాద్ రావచ్చు. ఉస్మానియాకి సీపీగెట్ ఎంట్రన్స్, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాస్తావు. అప్పుడు పూర్తయిన డిగ్రీతో వస్తావు కాబట్టి పేపర్ పేపర్‌కీ ఈ పోలికలు ఉండవు. వదినకి ఇది నచ్చదు. పిల్లని ఒక్కదాన్నే వదిలి ఎలా అంటుంది. నేను మాట్లాడతాను.

నువ్వు చేయాల్సింది, రెండు సెమిస్టర్ల సిలబస్, మెమోలు ఫోన్‌లో స్కాన్ చేసి ఆదివారంలోగా నాకు పంపడం. నీ మైనర్ ఏమిటో కూడా రాయి, వదినకి గుర్తులేదట. హైదరాబాద్‌లో ఏ కాలేజీ చూశారో చెప్తే వాళ్ల సిలబస్ నేను తెప్పిస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ అత్తయ్య