నదిలో మునిగిన జడ్జి గారి కేసు: మేనకోడలికి ఒక ఉత్తరం

చి. అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. అమెరికాలో ఒహాయో నది ఒడ్డున ఉన్న మారియెట్టా ఊరి జడ్జి, 1789లో నదిలో మునిగిపోయిన శామ్యూల్ పార్సన్స్ గారు నిజంగా పడవ తిరగబడే పోయారా, వెనక ఇంకేమైనా ఉందా అని తేల్చాలనుకుంటున్నానన్నావు. మంచి పని పెట్టుకున్నావు. ఎమ్మార్వోగా ఉన్నప్పుడు నేను చేసిన శవ పంచనామాలు నీకు తెలుసు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల పోతే మేమే వెళ్లాలి. గోదావరి కాలవలో కాలు జారి పడిపోయిందని చెప్పేవారు. పంచనామా సాక్షులు (పంచాయతీదార్లు) అందరూ అక్షరం తేడా లేకుండా ఒకే వాక్యం చెప్తుంటే నాకు కడుపులో దేవినట్టుండేది. కలిసి చూసిన మనుషులు కూడా ఒకే మాట చెప్పరు. ఒకే మాట చెప్పారంటే ముందే కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట. ఒహాయో పాత కాగితాలు చదివేటప్పుడు కూడా నేను మొదట చూసేది ఇదే. ప్రమాదమని రాసినవాళ్లు కళ్లతో ఏం చూశారు, విన్నది ఎంత?

ముందు తారీకులు గట్టి చేసుకో. మారియెట్టా 1788 ఏప్రిల్ 7న మొదలైన ఊరు, మస్కింగమ్ నది ఒహాయోలో కలిసేచోట. పార్సన్స్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మేజర్ జనరల్, తర్వాత ఆ ఊరున్న నార్త్‌వెస్ట్ టెరిటరీ అనే కొత్త ప్రాంతానికి జడ్జి. 1789 నవంబర్ 17న మారియెట్టాకి తిరిగొస్తూ బిగ్ బీవర్ నది వడిలో పడవ తిరగబడి పోయారు. అప్పటికి ఆయనకి యాభై రెండేళ్లు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆయన మారియెట్టా మనిషి కాబట్టి కాగితాలన్నీ మారియెట్టాలోనే వెతుకుతారు. చావు జరిగింది పెన్సిల్వేనియాలో. ఇవాళ ఆ చోటు బీవర్ కౌంటీలో ఉంది, కానీ ఆ కౌంటీ పుట్టిందే 1800లో. 1789 నాటి కాగితం ఏదైనా ఉంటే పిట్స్‌బర్గ్‌లో, అలెగెనీ కౌంటీ రికార్డుల్లో ఉండాలి. ఏ పాత చావు విచారించినా, ఆ రోజున ఆ నేల ఎవరి హద్దులో ఉందో తెలుసుకున్నాకే గడప దాటు.

ఇంకో సంగతి. శవాన్ని కళ్లారా చూడకుండా కరోనర్ (అనుమానపు చావుల్ని విచారించే అధికారి) విచారణ చేయడానికి ఆనాటి చట్టం ఒప్పుకోదు. మారియెట్టాలో కరోనర్లను వేసే చట్టం 1788 డిసెంబర్‌లో వచ్చింది. ఆ చట్టాలు చేసిన కొద్దిమందిలో పార్సన్స్ గారూ ఒకరు. నదిలో పోయినవాడి శవం దొరక్కపోతే విచారణ కాగితమే పుట్టదు. అందుకని ఫైల్ లేదు కాబట్టి ఎవరో దాచేశారని అనుకోకు. విచారణ జరిగి కాగితం పోయిన కేసులూ ఉంటాయి. అప్పుడు కౌంటీ ఖర్చుల పద్దులు తిరగెయ్యి. కరోనర్‌కి కట్టిన ఫీజు ఒక్క పంక్తిలో దొరుకుతుంది. చనిపోయినవాడి ఆస్తి జాబితా కూడా చూడు. తుపాకీ, గడియారం, జీను అందులో ఉన్నాయంటే అవి నదిలో పోలేదని అర్థం. పడవలో ఏముంది, ఇంట్లో ఏముంది అన్నది దానితో కొంత తేలుతుంది.

తర్వాత నది. ఇది వదిలేశావంటే మిగిలినదంతా వృథా. ఇప్పుడు వంతెన మీద నిలబడి కిందికి చూసి, ఇక్కడా మునిగింది అనుకోకు. తర్వాతి కాలంలో ఆ నీళ్లకు మిల్లుల కోసం, పడవల కాలవ కోసం ఆనకట్టలు కట్టారు. నువ్వు చూసే నీటి మట్టం ఆయన చూసింది కాదు. పాత సర్వే పటాలు తెచ్చుకుని వడి ఎక్కడ మొదలైందో, రాళ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టు. పడవ ఏ రకమో కనుక్కో. చెట్టు మాను తొలిచి చేసిన దోనె రాతికి పక్కగా తగిలిందంటే బోర్లా పడిపోతుంది. ఇక నవంబర్ నీళ్లు. అంత చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది, తల లోపలుంటే ఆ ఒక్క గుటకే చాలు. పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. ఒంటిమీద ఉన్ని కోటు, కాళ్లకు బూట్లు. కాబట్టి ఈత వచ్చినవాడు ఎలా మునిగాడు అని ఎవరైనా అనుమానం రాసి ఉంటే, దాన్ని పెద్ద ఆధారం చేసుకోకు. చల్లటి నీళ్లలో శవం అడుగునే ఉండిపోయి, ఎండలు ముదిరాక తేలుతుంది. నెలల తర్వాత దొరికిన శవం మీద గాయాలుంటే రాళ్లవీ కావచ్చు, తాబేళ్లవీ కావచ్చు. ఆనాటి డాక్టర్‌కి ఆ తేడా తెలుసా అన్నది నువ్వు అడగాల్సిందే.

సాక్షుల దగ్గరికొస్తే, కాగితం ఎప్పుడు రాశారన్నది మొదటి ప్రశ్న. మారియెట్టాలో అప్పటికి పేపర్ లేదు. ఆ ప్రాంతం మొత్తానికి మొదటి పేపర్ 1793లో సిన్సినాటీలో వచ్చింది. దగ్గర్లో ఉన్నది 1786లో మొదలైన పిట్స్‌బర్గ్ గెజిట్ ఒక్కటే. మారియెట్టా చరిత్ర రాసిన హిల్డ్రెత్ డాక్టర్ ఒహాయోకి వచ్చిందే 1806లో. ఆయన కష్టం గొప్పదే, కానీ ముసలివాళ్ల జ్ఞాపకాలు పోగుచేశాడు. అందులో ఉన్నదాన్ని 1789 సాక్ష్యం పక్కన ఒకే వరసలో కూర్చోబెట్టకు. పడవలో ఇంకెవరున్నారు, ఒడ్డుకు ఎవరు చేరారు, మొదటి ఉత్తరం ఎవరు ఎవరికి రాశారు, ఇవి వేరే కాగితం మీద రాసుకో.

అనుమానాల సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో వలస జనానికి అక్కడి ఆదివాసీ తెగలైన డెలావేర్లన్నా షానీలన్నా భయం. 1789 జనవరిలో తెగలతో ఫోర్ట్ హార్మర్ ఒప్పందం అయింది, 1791 జనవరిలో బిగ్ బాటమ్ అనే వలసవాళ్ల ఊరి మీద తెగల దాడి జరిగింది. ఆ దాడి తర్వాత రాసినవాళ్లకు అంతకు ఏడాది ముందటి చావులో కూడా ఆ తెగలవాళ్ల చెయ్యే కనబడొచ్చు. ఒక జాతి నెత్తిన హత్య రుద్దేముందు నాకు పదిసార్లు ఆలోచించాలనిపిస్తుంది, నువ్వూ అలాగే ఆలోచించు. ఆ ప్రజల మధ్యే బతికిన మొరావియన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ జైస్‌బర్గర్ డైరీలున్నాయి. రాసింది జర్మన్‌లో, ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది. 1789 నవంబర్ నుంచి వేసవి దాకా చదువు. ఏమీ లేకపోతే లేదనే రాయి.

భూమి గొడవ కూడా చూడు. 1788లో పార్సన్స్ గారు కనెక్టికట్ రాష్ట్రం నుంచి సాల్ట్ స్ప్రింగ్ అనే భూమి కొన్నారు. ఆ మనిషి పోతే లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని తప్పకుండా అడుగు. లాభపడ్డాడు కాబట్టి చంపించాడు అని మాత్రం రాయకు, ఆ రోజు వాడు ఎక్కడున్నాడో చూపించలేకపోతే.

చివరికి ఏమీ తేలకపోతే టెన్షన్ పడకు. మునిగి చనిపోయారనే అనుకోవాలి, కానీ ఫలానా సంగతులు తెలియవు అని నిర్భయంగా రాసెయ్యి. ముందు 1789 నవంబర్, డిసెంబర్ గెజిట్ మైక్రోఫిల్మ్ చూడు, ఫోటోలు తీసి పంపు. అక్షరాలు మసకగా ఉంటే ఇద్దరం ఫోన్‌లో కూర్చుని చదువుదాం. శనివారం పొద్దున నాకు ఖాళీయే.

నీ మావయ్య