ఆటలమ్మ తగ్గినా వైరస్ వెళ్లిపోదు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. గత వారం కుడివైపు వీపు నుంచి రొమ్ము కింది దాకా సూదులతో గుచ్చినట్లు నొప్పి అన్నారు. గుండె నొప్పేమోనని ఈసీజీ తీయిస్తే బాగానే ఉంది. మూడో రోజుకు అదే చోట చర్మం కంది, నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి. ఇంట్లో పెద్దలు సర్పి అని జాజు పూయించారు. అది ఒంటి చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే ప్రాణాపాయమని అంటున్నారు. డాక్టరేమో ఇది చిన్నప్పటి ఆటలమ్మ వైరసేనన్నారు. ఎప్పుడో తగ్గిన జబ్బు మళ్లీ ఎలా వస్తుంది? మందులు వాడితే ఈసారైనా పూర్తిగా పోతుందా? ఏడు నెలల మా బాబుకు అంటుకుంటుందా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీ డాక్టరు చెప్పింది నిజమేనమ్మా. మీ అత్తగారికి ఇది ఇప్పుడు ఎవరి నుంచో అంటుకున్నది కాదు. ఆటలమ్మను, సర్పిని కలిగించేది హెర్పిస్ కుటుంబానికి చెందిన వారిసెల్లా జోస్టర్ అనే ఒకే వైరస్. చిన్నతనంలో పొక్కులు మాడి, పక్కులు రాలిపోయి, స్నానం పోసి, అంతటితో అయిపోయిందని అనుకుంటాం గాని, ఆ వైరస్ కొంత చర్మంలోని నాడీతంతువుల వెంట, కొంత రక్తం ద్వారా ప్రయాణించి, వెన్నెముక పక్కన, పుర్రె అడుగున ఉండే గాంగ్లియా అనే నాడీ ముడులకు చేరుకుంటుంది. అక్కడి నాడీకణం కేంద్రకంలో దాని డీఎన్ఏ ఒక వలయంగా చుట్టుకుని, మన క్రోమోజోములతో కలవకుండా విడిగా ఉండిపోతుంది. ఆ వైరస్‌కు సుమారు 70 జన్యువులుంటే, ఈ నిద్రావస్థలో ఒకటి రెండు తప్ప మిగిలినవన్నీ మూగబోతాయి. కొత్త వైరస్ కణాలు గాని, వైరస్ ప్రొటీన్లు గాని దాదాపుగా తయారు కావు కాబట్టి, రోగనిరోధక కణాలకు అక్కడ పట్టుకోవడానికి ఆనవాలు దొరకదు. పైగా ఈ నాడీకణాలు విభజన చెందవు, మనిషితో పాటే చివరిదాకా ఉంటాయి. వాటిలోని వైరస్ కూడా అలాగే ఉంటుంది.

అది మళ్లీ లేవకుండా అదుపులో ఉంచేవి టి కణాలు అనే ఒక రకం రోగనిరోధక కణాలు. వయసు పైబడినప్పుడు, షుగర్, క్యాన్సర్ చికిత్స, హెచ్ఐవి, చాలాకాలం వాడిన స్టిరాయిడ్లు వంటి కారణాలతో వాటి పట్టు సడలినప్పుడు, ఏదో ఒక నాడీ ముడిలో వైరస్ తిరిగి వృద్ధి చెందడం మొదలుపెడుతుంది. ఇంగ్లాండులోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేసిన హోప్ సింప్సన్ అనే డాక్టరు తన రోగులను ఏళ్ల తరబడి గమనించి 1965లోనే ఈ సంగతిని ప్రతిపాదించారంటే, ఓపికతో చేసిన పరిశీలనకు ఎంత విలువ ఉందో చూడండి.

ముందు నొప్పి, తరువాత పొక్కులు రావడానికి కారణం కూడా ఇదే. వైరస్ మొదట నాడీ ముడిలో వాపు తెచ్చి, ఆ తరువాతే తంతువు వెంట చర్మానికి దిగుతుంది. ఒక్కొక్క నాడి శరీరానికి ఒకవైపున, ఒక పట్టీ మేర మాత్రమే విస్తరించి ఉంటుంది. అందుకే మీ అత్తగారి పొక్కులు వీపున వెన్నెముక దగ్గర మొదలై, ముందువైపు రొమ్ము నడిమి గీత దగ్గర ఆగిపోయి ఉంటాయి. తల, తోక కలవడమనే భయం పెట్టుకోకండి. అయితే ఒంటి మీద దూరంగా మరికొన్ని చోట్ల పొక్కులు లేస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. జాజు పూత వల్ల నాడిలోని వైరస్‌కు ఏమీ కాదు. పొక్కులు చితికిన చోట చీము పట్టే ప్రమాదం ఉంది, విలువైన సమయమూ పోతుంది.

ఇక మందుల సంగతి. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ మాత్రలు ఒంట్లోకి వెళ్లగానే పని చేయవు. వైరస్ తయారుచేసే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైము తాకిన తరువాతే వాటికి శక్తి వచ్చి, వైరస్ డీఎన్ఏ నకళ్లు తయారు కాకుండా అడ్డుకుంటాయి. నిద్రావస్థలో ఉన్న వైరస్ ఆ ఎంజైమునూ చేయదు, నకళ్లనూ తీయదు. కనుక ఈ మందులు లేచిన వైరస్‌ను అణచగలవే గాని, దాగిన వైరస్‌ను తుడిచిపెట్టలేవు. అలాగని వాటిని నిర్లక్ష్యం చేయరాదు. పొక్కులు కనిపించిన 72 గంటలలోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. ఆ గడువు దాటినా కొత్త పొక్కులు వస్తూనే ఉంటే డాక్టరు మందులు ఇస్తారు. నాడి బాగా దెబ్బతిన్నవారిలో చర్మం మానినా మంట నెలల తరబడి ఉండిపోతుంది, చీర కొంగు తగిలినా ఓర్చుకోలేరు. వయసు పెరిగేకొద్దీ ఈ బాధ ఎక్కువ కాబట్టి, మామూలు నొప్పి మాత్రలతో సరిపెట్టకుండా నాడి నొప్పికి ప్రత్యేకంగా ఇచ్చే మందులు అడగండి.

నుదురు, కనురెప్ప, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కులు లేస్తే మాత్రం కంటికీ ప్రమాదమే. అలాంటి వారు ఎవరైనా మెహదీపట్నంలోని సరోజినీ దేవి ఆసుపత్రికో, దగ్గరలోని మరో కంటి ఆసుపత్రికో అదే రోజు వెళ్లాలి.

మీ బాబుకు సర్పి అంటదు గాని, పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు. అన్నీ పక్కు కట్టేదాకా పొక్కుల మీద బట్ట కప్పి ఉంచండి, తువ్వాలు వేరుగా పెట్టండి, బాబును అత్తగారు ఎత్తుకోకుండా చూడండి.

50 ఏళ్లు దాటినవారికి సర్పి టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ఇందులో సజీవ వైరస్ ఉండదు, దాని పైపొరలోని ఒక ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు వేస్తారు. ధర ఎక్కువే. అయినా ఈ బాధను దగ్గర నుంచి చూసినవాడిగా, వీలున్నవారు వేయించుకోవాలనే చెబుతాను. మీ అత్తగారికి ఇది పూర్తిగా తగ్గాక ఎప్పుడు వేయించాలో డాక్టరును అడగండి. మామగారికైతే ఇప్పుడే అడగవచ్చు.