ఫ్రీజర్‌కి చాకు తగిలింది, మెకానిక్‌కి ఏమని చెప్పాలి?

ప్రశ్న: సింగిల్ డోర్ ఫ్రిజ్ కొని ఎనిమిది నెలలైందండి. రొయ్యల ప్యాకెట్ మంచుకి అతుక్కుపోతే చాకు మొనతో పెకలించబోయాను. సుయ్‌మని చప్పుడొచ్చింది. మర్నాటి నుంచి మోటారు తిరుగుతూనే ఉంది, చల్లదనం మాత్రం లేదు. "దానంతటదే ఆగిపోయిందని చెప్పు వదినా, వారంటీ ఉందిగా" అంటున్నాడు మా మరిది. అబద్ధమాడాలంటే మనసొప్పడం లేదు. నిజం చెబితే ఎంత వదులుతుందోనని బెంగ.
– గృహిణి, అమలాపురం

జవాబు: ముందు ఆ మోటారు (కంప్రెసర్) ఆపేయండి. ఏం చెప్పాలన్నది ఆ తర్వాత.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడలే ఎవాపరేటర్, అంటే చల్లదనం పుట్టించే భాగం. పల్చటి అల్యూమినియం రేకులు రెండు కలిపి అతికించి, మధ్యలో గ్యాస్ పారే దారులు వదులుతారు. ఫ్రీజర్ లోపల ఉబ్బుగా కనిపించే చారలు అవే. చాకు మొన దిగడానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్. అది పని చేసేటప్పుడు ఫ్రీజర్ వైపు ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువగా ఉంటుంది. కాబట్టి చిల్లు పడ్డాక మోటారు తిరిగితే గ్యాస్ పోవడంతో ఆగదు, బయటి గాలినీ తేమనీ లోపలికి పీల్చుకుంటుంది. మన కోనసీమ గాలిలో తేమ ఎంతో మీకు తెలియనిది కాదు. ఆ తేమ కంప్రెసర్ ఆయిల్లో కలుస్తుంది, గ్యాస్‌లోని తేమ పీల్చే ఫిల్టర్ డ్రయ్యర్ నిండిపోతుంది. చిల్లుతో పోవాల్సిన ఖర్చు కంప్రెసర్ దాకా పాకుతుంది. "మెకానిక్ వచ్చేదాకా ఆన్‌లోనే ఉంచు, కంప్లయింట్ కళ్లారా చూస్తాడు" అనే సలహా అందుకే మంచిది కాదు.

ఇంకొక మాట. ఐసోబ్యూటేన్ మండే గ్యాస్. ఫ్రిజ్‌లో ఉండేది గ్రాముల్లోనే (ఎన్ని గ్రాములో ఫ్రిజ్ మీది స్టిక్కర్‌లో ఉంటుంది), అయినా వంటింట్లో పక్కనే స్టవ్ ఉంటుందిగా. సుయ్‌మన్న క్షణంలో స్టవ్ ఆపి, తలుపులు కిటికీలు బార్లా తెరిచి, గాలి బాగా ఆడాక ప్లగ్ తీయాలి.

ఇక మీ మరిది సలహా. అది మెకానిక్ ఫ్రీజర్ తలుపు తీసేదాకానే నిలుస్తుంది. చాకు గీత కొత్తగా మెరుస్తూ ఉంటుంది, చిల్లు చుట్టూ సన్నగా ఆయిల్ మరక ఉంటుంది, నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే బుడగలు అక్కడే లేస్తాయి. దానంతటదే లీకైతే సాధారణంగా వెనక గొట్టాల అతుకుల దగ్గరో, రేకు తుప్పు తినేసిన చోటో అవుతుంది. ఉబ్బు చార నడినెత్తిన కోసినట్టు గీత పడదు. రోజూ ఇవే చూసే మనిషికి ఆ తేడా చెప్పాల్సిన పని లేదు.

నిజం చెప్పడంలో మీకున్న లాభం వేరే. ఫోన్‌లోనే ఇలా చెప్పండి: "ఫ్రీజర్‌లో మంచు తీస్తుంటే చాకు తగిలి గ్యాస్ పోయింది. ఫలానా రోజు, ఆ తర్వాత ఇంతసేపు నడిచింది, ఇప్పుడు ఆపేశాం." ఈ ముక్క వింటే మెకానిక్ నైట్రోజన్ సిలిండర్, వాక్యూమ్ పంపు, గ్రాముల త్రాసు, కొత్త ఫిల్టర్ డ్రయ్యర్ వెంటబెట్టుకుని వస్తాడు. "చల్లదనం లేదు" అని మాత్రమే చెబితే థర్మోస్టాట్, రిలే పట్టుకొస్తాడు. చూసి వెళ్లి మళ్లీ రావడానికి ఇంకో వారం.

చాకుతో పడ్డ చిల్లు తయారీ లోపం కాదు, దాని ఖర్చు మీదే. అయితే కంప్రెసర్, థర్మోస్టాట్, డోర్ గాస్కెట్ల మీద వారంటీ దానితో పోకూడదు. అందుకే పని మొదలవకముందే ఎస్టిమేట్ రాయించుకోండి. జాబ్ షీట్‌లో "ఎవాపరేటర్‌కి చాకు వల్ల చిల్లు, కంప్రెసర్ పరీక్షించాం, బాగుంది" అని విడివిడిగా రాయమనండి. ఒట్టి "ఫిజికల్ డ్యామేజ్" అని రాసి సంతకం పెట్టమంటే పెట్టకండి. రేపు కంప్రెసర్ నిజంగానే పోతే ఆ రెండు మాటలే మీకు అడ్డం తిరుగుతాయి. తక్కువలో అయిపోతుందని సందు చివర మెకానిక్‌తో గ్యాస్ నింపిస్తే మిగతా వారంటీ కూడా పోయే ప్రమాదం ఉంది. మొదటి ఏడాదిలో కంపెనీ సెంటర్‌లోనే డబ్బు కట్టి చేయించుకోవడం మేలు.

ఎం-సీల్ లాంటి ముద్దతో చిల్లు పూడ్చేస్తామంటే ఒప్పుకోకండి. అల్యూమినియానికి పనికొచ్చే ఎపాక్సీ వేసి, నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసి, వాక్యూమ్ తీసి, స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములే తూచి నింపాలి. ఎవాపరేటర్ దొరికితే మార్చడమే మా ఓటు. రోజూ చలికి ముడుచుకుంటూ, ఆపినప్పుడు సాగుతూ ఉండే రేకు మీద అతుకు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

కొన్నప్పుడు షాపులో "ప్రొటెక్షన్ ప్లాన్" అని ఏమైనా కట్టారేమో బిల్లు తిరగేయండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే అదే వారంటీ ఇంకొన్నేళ్లు, అంతే. యాక్సిడెంటల్ డ్యామేజ్ అని ఉంటే మాత్రం మీ చాకు దెబ్బకి డబ్బు రావచ్చు. దానంతటదే ఆగిందని ముందే చెప్పేసి ఉంటే అదీ పోతుంది.

మంచు అర అంగుళం పేరుకోకముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. తొందరైతే ఫ్రిజ్ ఆపి, గిన్నెలో వేడి నీళ్లు పెట్టి తలుపు మూయండి. చాకూ వద్దు, అట్లకాడా వద్దు.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. వరద నీళ్లు మోకాలి లోతు ఇంట్లోకొచ్చి వాషింగ్ మెషీన్ ఒక రాత్రంతా నానింది. నీళ్ల సంగతి ఎత్తొద్దని అమ్మినాయన చెబుతున్నాడు. కొని ఏడాదిన్నరే అయింది.
– రైతు

జవాబు: ఆ అమ్మినాయన మాట వింటే ప్రాణాపాయం కూడా. తడిసిన మెషీన్ అని తెలిస్తే మెకానిక్ కరెంటు ఇవ్వకముందే మెగ్గర్‌తో (ఇన్సులేషన్ చూసే మీటరు) మోటారు వైండింగ్ పరీక్షిస్తాడు. తెలియకపోతే వచ్చీ రాగానే ప్లగ్ పెట్టి చూస్తాడు. బాడీకి కరెంటు వస్తుంటే, ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో, దాని మీద చెయ్యి వేసేది ఆయనే. మీరూ స్విచ్ వేసి చూడకండి.

గోదావరి వరద నీటితో ఒండ్రు వస్తుంది. మెషీన్ అడుగున విప్పితే బెల్టు పుల్లీ మీద, మోటారు సందుల్లో గోధుమరంగు పొర, ఎంత ఎత్తు వరకు నీళ్లొచ్చాయో చెప్పే గీత కనిపిస్తాయి. దాన్ని దాచడం ఎవరి వల్లా కాదు. టాప్ లోడ్ మెషీన్లలో సర్క్యూట్ బోర్డు ఎక్కువగా పై ప్యానెల్లో ఉంటుంది కాబట్టి మోకాలి లోతు నీళ్లకి అది బతికి ఉండొచ్చు. మోటారు, డ్రెయిన్ పంపు, బేరింగులు మాత్రం మునిగినట్టే. మంచి నీళ్లతో ఒండ్రు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మెగ్గర్ రీడింగ్ బాగుంటేనే కరెంటు. అంతర్వేది వైపు లాగా ఉప్పు నీళ్లు తగిలితే రాగి తీగలు కొద్ది రోజుల్లోనే పచ్చబడతాయి, అక్కడ ఆలస్యం పనికిరాదు.

వరద నష్టం వారంటీలోకి రాదు. ఇంటికి బీమా ఉందేమో చూడండి. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది. ఇల్లు, సామాన్లు రెండూ కలిపి తీసుకుంటే సామాన్లకి ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రక్షణ ఉంటుంది. అక్కడ మీకు కావాల్సిన రుజువే ఆ ఒండ్రు గీత! కడగకముందు ఫొటోలు తీసి, రిపేరు మొదలెట్టకముందు బీమా కంపెనీకి చెప్పండి. సర్వేయర్ వచ్చేదాకా విప్పించకండి.

ప్రశ్న: టీవీ తెర మీద నిలువు గీత పడింది. వెనక మూల చిన్న సొట్ట ఉందని వారంటీ ఇవ్వమంటున్నారు. ఆ సొట్ట ఇల్లు మారినప్పటిది, గీత వచ్చింది ఆర్నెల్ల తర్వాత. పైగా ఫోన్‌లో అడిగితే "దెబ్బలేమీ లేవు" అనేశాను, గుర్తులేక.
– భీమవరం

జవాబు: మళ్లీ ఫోన్ చేసి, కంప్లయింట్ నంబరు చెప్పి, "వెనక మూల పాత సొట్ట ఉంది, అప్పుడు చెప్పడం మరిచాను" అని నమోదు చేయించండి. అదే మాట మెయిల్లో కూడా పెట్టండి. మెకానిక్ పట్టుకున్నాక ఒప్పుకోవడం వేరు, మీరే ముందు చెప్పడం వేరు.

ఇక సొట్ట. దెబ్బకి పగిలిన తెరలో తగిలిన చోటి నుంచి సాలెగూడులా పగుళ్లు పాకుతాయి, నల్లటి మరక పరుచుకుంటుంది. పైనుంచి కింద దాకా ఒకే తిన్నటి గీత చాలావరకు ప్యానెల్ అంచున రిబ్బన్ (పల్చటి వైరు పట్టీ) అతుకు వదలడం వల్ల వస్తుంది. మీ సొట్ట ఆ అంచుకి దూరంగా ఉంటే దానికీ దీనికీ సంబంధం ఏమిటో రాసివ్వమని అడగండి. నోటి మాటగా "రాదు" అంటే ఒప్పుకోవద్దు. తెర, సొట్ట రెండూ కనబడేలా ఫొటోలు తీసి ఉంచుకోండి.

రాసివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ తర్వాత మీ జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. అక్కడికి వెళ్లినప్పుడు మీరు సొట్ట సంగతి ముందే చెప్పిన ఆ మెయిల్ దగ్గరుంచుకోండి.

ప్రశ్న: మిక్సీ వారంటీ అయిపోయి పదిహేను రోజులైంది. మా బావగారి షాపు, తేదీ మార్చి బిల్లు ఇస్తానంటున్నారు.
– పాలకొల్లు

జవాబు: వద్దు. చాలా కంపెనీలు సీరియల్ నంబరుతోనే తయారైన నెల చెప్పేస్తాయి. దొరికితే ఇరుక్కునేది మీ బావగారి షాపే. దాని బదులు అసలు బిల్లుతోనే వెళ్లి, పదిహేను రోజులే దాటింది, చూడగలరా అని అడగండి. అంత తక్కువ తేడాకి కొన్ని సెంటర్లు ఉచితంగా చేసిపెడతాయి. దానికి ముందు మిక్సీని బోర్లా తిప్పి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి చూడండి. మినప్పప్పు గట్టిగా రుబ్బినప్పుడు మోటారు కాలిపోకుండా అదే కరెంటు ఆపేస్తుంది. పోయిందనుకుని తెచ్చిన మిక్సీల్లో కొన్ని ఆ బటన్‌తోనే లేచి కూర్చుంటాయి.