పాటల ఉత్తరాలు: ‘పారనాయిడ్’ ఆల్బమ్ గురించి మీరు అడిగినవి

2025 జూలై 22న బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ చనిపోయాడని తెలిసిన రోజు ఈ పేజీ కోసం ఒక చిన్న పేరా రాశాను. బ్లాక్ సబ్బాత్ వాళ్ల ‘పారనాయిడ్’ ఆల్బమ్‌ను ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా వినండి అని, అంతే. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. మెచ్చుకున్నవాళ్లున్నారు, గట్టిగా తిట్టినవాళ్లూ ఉన్నారు. అన్నిటికీ జాగా లేదు కాబట్టి ఐదు తీసుకున్నాను.

ఆ పేరా చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరు, అందులో ఆస్టన్ అనే పేట. అక్కడి కుర్రాళ్లు నలుగురు: పాడేది ఆజీ, గిటారు టోనీ ఐయోమీ, బేస్ గిటారు గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. 1970 ఫిబ్రవరిలో మొదటి ఆల్బమ్, అదే ఏడాది సెప్టెంబరులో ఈ రెండోది. ఎనిమిది పాటలు, సుమారు 42 నిమిషాలు. హెవీ మెటల్ అని ఇవాళ మనం అంటున్న సంగీతానికి ఇల్లు కట్టింది ఈ రికార్డు మీదే.

అన్నా, మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. సాయంత్రం దీపం పెట్టే వేళకి తలుపేసుకుని ఆ పాటలే పెడతాడు. సైతాను అనే మాట నా చెవులతో నేనే విన్నా. పిల్లోడు ఏమైపోతాడోనని టెన్షన్‌గా ఉంది. మీరేమో వినమని రాస్తారు!
– ఒక తల్లి, కడప

అక్కా, మీరు విన్నది నిజమే, ఆ మాట ఉంది. కాకపోతే అది ఏ పాటలో, ఎక్కడ వస్తుందో చెప్తాను, తర్వాత మీరే ఆలోచించండి. మొదటి పాట ‘వార్ పిగ్స్’. మొదట్లోనే ఒక సైరన్ మోగుతుంది, విమానాలు బాంబులు వేయడానికి వచ్చేటప్పుడు ఊరి జనాన్ని హెచ్చరించే సైరన్. ఈ బ్యాండు కుర్రాళ్లు నలుగురూ పుట్టింది 1948, 49లో. అంతకు కొన్నేళ్ల ముందే రెండో ప్రపంచ యుద్ధంలో బర్మింగ్‌హామ్ మీద బాంబులు బాగా పడ్డాయి, ఇళ్లు కూలిన ఖాళీ జాగాల పక్కనే వీళ్లు పెరిగారు. పాట రాసేనాటికి వియత్నాంలో యుద్ధం నడుస్తోంది. పాటలో చెప్పేదంతా ఒకటే సంగతి: యుద్ధం మొదలుపెట్టే పెద్దలు ఇళ్లలో భద్రంగా ఉంటారు, చావడానికి మాత్రం బీదవాళ్ల పిల్లల్ని పంపుతారు. చివరి చరణంలో తీర్పు రోజు వస్తుంది. ఆ పెద్దలు మోకాళ్ల మీద పాకుతూ క్షమించమని వేడుకుంటుంటే సైతాను నవ్వుతూ రెక్కలు విప్పుతాడు. అంటే మన కథల్లో పాపం పండినవాడికి యమభటులు కనబడినట్టు. సైతానును కొలిచే పాటేం కాదది.

ఇంకొకటి. ఈ బ్యాండు వాళ్లు మెడలో పెద్ద పెద్ద సిలువలు వేసుకునేవాళ్లు, ఫోటోల్లో చూస్తారు. అవి చేసిచ్చింది ఆజీ వాళ్ల నాన్న, ఆయన ఫ్యాక్టరీలో పనిముట్లు చేసే కార్మికుడు. బిడ్డలకు ఏమీ కాకూడదని మనం తాయెత్తు కట్టమా, నాకు ఆ సిలువల్ని చూసినప్పుడల్లా మన పిల్లల మెడలో తాయెత్తులే గుర్తొస్తాయి.

ఇక మీ టెన్షన్ సంగతి. మీవాడు అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, కాలేజీకి పోతున్నాడు, స్నేహితులతో మాట్లాడుతున్నాడు అంటే పాటల గురించి ఏ భయమూ పెట్టుకోవద్దు. అలా కాకుండా ముద్ద ముట్టకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మాత్రం తలుపు కొట్టి లోపలికి వెళ్లండి. ఆల్బమ్‌కు పేరు ఇచ్చిన ‘పారనాయిడ్’ పాట సరిగ్గా అలాంటి మనిషి గురించే. మనసు కుదురుగా లేక, సంతోషం అంటే ఏమిటో తెలియక, ఎవరైనా సాయం చేయండని అడిగేవాడి పాట. (పాట మొత్తంలో ఆ ‘పారనాయిడ్’ అనే మాట ఒక్కసారి కూడా రాదు, గమనించారా.) దాంట్లో ఏముందో చెప్పరా అని మీవాడి పక్కన కూర్చుని అడగండి. ఈ వయసు పిల్లలు వాళ్ల గురించి అడిగితే నోరు విప్పరు, వాళ్లకు నచ్చిన పాట గురించి అడిగితే మాత్రం గంట మాట్లాడతారు.

ఇందులో ‘ఐరన్ మ్యాన్’ అంటే మా పిల్లలు చూసే సినిమా హీరోనేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

కాదు. 2008లో వచ్చిన ఆ సినిమా చివర్లో పేర్లు పడేటప్పుడు ఈ పాట వాడుకున్నారు, అందుకే ఇద్దరూ ఒకటే అనుకుంటారు. పాటలోని మనిషి కథ వేరు, చాలా బాధాకరమైన కథ. కాలంలో ముందుకు వెళ్లి లోకం నాశనమవడం కళ్లారా చూస్తాడు, ఆ సంగతి చెప్పి జనాన్ని కాపాడదామని తిరిగి వస్తుంటే దారిలో ఒళ్లంతా ఉక్కుగా మారిపోతుంది. నోరు పెగలదు. ఊళ్లోవాళ్లు పట్టించుకోరు, ఎగతాళి చేస్తారు. చివరికి తాను ఏ నాశనాన్ని ఆపాలని వచ్చాడో దాన్ని తన చేతులతోనే చేస్తాడు.

నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి, సూటిగా అడుగుతున్నా, ఏమనుకోవద్దు. ఘంటసాల పాటలున్న భాషలో పుట్టి, ఈ రొదను సంగీతం అనడానికి మీకు మనసెలా ఒప్పింది?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు

మాష్టారూ, ఘంటసాలను నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకుపోలేరు, ఆయన ఉన్నచోటే ఉన్నాడు. మీరు రొద అన్నదాని గురించే మాట్లాడతాను.

మా అనంతపురం జిల్లా పల్లెల్లో ఉరుముల వాళ్లను మీరు చూసే ఉంటారు. ఆ వాయిద్యం పేరే ఉరుము. గుడి ముందు వాళ్లు వరసగా నిలబడి వాయిస్తుంటే శబ్దం చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది, అయినా ఇంటికి పోదామంటే పోయేవాణ్ణి కాదు. భయమూ భక్తీ ఒకేసారి కలిగించే మోత అది. దాన్ని రొద అని మన పెద్దలెవరూ అనలేదు. ఆ మోత అవసరమైన చోటు ఒకటుందని వాళ్లకు తెలుసు. సబ్బాత్ వాళ్ల గిటారు మొదటిసారి విన్నప్పుడు నాకు తగిలింది అక్కడే, అదే ఎముక మీద.

పోనీ ఒక పని చేయండి. ‘వార్ పిగ్స్’లో ఆజీ పాట అందుకునే చోట వినండి. గిటారు రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతుంది. ఆగిన చోట ఏమీ ఉండదు, బిల్ వార్డ్ తాళం చిప్పల మీద సన్నగా కాలం లెక్కపెడుతుంటాడు, అంతే, ఆ ఖాళీలోకి గొంతు ఒక్కటే వస్తుంది. మళ్లీ రెండు దెబ్బలు. మళ్లీ ఖాళీ. రొద చేసేవాళ్లకు అంత ఖాళీ వదలడం చేతకాదు. బిల్ వార్డ్ చిన్నప్పటినుంచి జాజ్ డ్రమ్మర్లను విని పెరిగాడు, అందుకే ఎంత బరువైన పాటలోనైనా ఆయన చేతుల్లో ఒక ఊపు ఉంటుంది, సుత్తితో కొట్టినట్టు ఉండదు. అదీ నచ్చకపోతే మూడో పాట ‘ప్లానెట్ కారవాన్’ ఒక్కటి రాత్రి మిద్దె మీద పడుకుని వినండి. చేత్తో వాయించే కాంగా డ్రమ్స్, మెల్లని గిటారు, నీళ్లలోంచి వస్తున్నట్టుండే గొంతు. చుక్కల మధ్య ప్రయాణం గురించిన పాట, ఎక్కడా ఒక్క గట్టి దెబ్బ ఉండదు.

మీతో ఒప్పుకునేది కూడా ఒకటుంది. ఏడోది, ‘రాట్ సాలడ్’, మాటల్లేని ముక్క, నడుమ డ్రమ్స్ వాయింపు. అది లేకపోయినా ఆల్బమ్‌కు ఏ లోటూ ఉండేది కాదని నా అభిప్రాయం.

అన్నా, నాకు ఇంగ్లీషు పాటల్లో మాటలు పట్టుకోవడం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? రెండో పాట ఒక్కటి వింటే చాలంటున్నారు మా రూమ్మేట్లు.
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

మాటలు తర్వాత చూసుకోవచ్చు తమ్ముడూ. ముందు గిటారు ముక్క పట్టుకో. ఒక చిన్న ముక్క మళ్లీ మళ్లీ తిరిగొస్తూ పాటనంతా మోస్తుంది చూడు, దాన్ని రిఫ్ అంటారు. ఒకసారి వింటే పాట అయిపోయాక కూడా నోట్లో ఆడుతుంది, ఐయోమీ గొప్పతనమంతా అందులోనే ఉంది.

రెండో పాట ‘పారనాయిడ్’ ఒక్కటే చాలనడం మాత్రం తప్పు. అసలు ఆ పాట ఆల్బమ్‌లో లేనే లేదు మొదట. రికార్డింగ్ అయిపోవచ్చాక నిడివి చాల్లేదు, ఇంకో మూడు నిమిషాలు కావాలన్నారు. మిగతావాళ్లు భోజనానికి వెళ్లిన సమయంలో ఐయోమీ ఆ రిఫ్ తయారుచేశాడు, బట్లర్ గబగబా మాటలు రాశాడు, ఆజీ కాగితం చూస్తూ పాడేశాడు. మూడు నిమిషాలు కూడా లేని ఆ పాట బ్రిటన్‌లో 4వ స్థానం దాకా వెళ్లింది, ఆల్బమ్ 1వ స్థానానికి. ఆల్బమ్‌కు మొదట అనుకున్న పేరు ‘వార్ పిగ్స్’. కంపెనీ వాళ్లు పేరు మార్చారు, అట్ట మాత్రం మార్చలేదు, అందుకే కత్తీ డాలూ పట్టుకున్న మనిషి అలాగే ఉండిపోయాడు. పేరుకూ బొమ్మకూ పొత్తు ఎందుకు కుదరదో ఇప్పుడు తెలిసింది కదా.

వరస మార్చకుండా విను. యుద్ధంతో మొదలవుతుంది, ‘ఎలక్ట్రిక్ ఫ్యూనరల్’లో అణుబాంబు పడుతుంది, దాని వెనకే ‘హ్యాండ్ ఆఫ్ డూమ్’లో యుద్ధం నుంచి బతికొచ్చిన సైనికుడు మత్తుమందు సూదికి బలవుతాడు. షఫుల్‌లో పెడితే ఈ కథ చెదిరిపోతుంది.

అన్నా, నేను తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేస్తా. ఉగాదికి ముందు కటింగ్ మిషన్ దగ్గర నా ఎడమ చెయ్యి ఉంగరపు వేలు కొన పోయింది. గిటారు నేర్చుకోబట్టి ఐదు నెలలే అయ్యింటుంది అప్పటికి. ఇప్పుడు తీగ నొక్కితే ప్రాణం పోతుంది. ఆ బ్యాండులో గిటారాయనకు వేళ్లు లేవని మా ఫ్రెండ్ చెప్పినాడు. నిజమేనా?
– 22 ఏళ్ల కార్మికుడు, తాడిపత్రి

నీ ఉత్తరం రెండు రోజులు టేబుల్ మీదే పెట్టుకున్నాను తమ్ముడూ.

నిజమే. టోనీ ఐయోమీకి అప్పుడు 17 ఏళ్లు, రేకుల ఫ్యాక్టరీలో పని. ఒక బ్యాండుతో ఊళ్లు తిరిగే అవకాశం వచ్చి పని మానేస్తున్నాడు, అది ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇంక వెళ్లనన్నాడు. వాళ్లమ్మ, పని మధ్యలో వదిలేయకూడదు, పూర్తిచేసి రమ్మని పంపింది. ఆ రోజు రానివాడి బదులు ఇతన్ని అలవాటు లేని ప్రెస్ మిషన్ దగ్గర నిలబెట్టారు. మిషన్ దిగి చేతి మీద పడింది, భయంతో వెనక్కి లాగాడు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొనలు పోయాయి. ఐయోమీది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చెయ్యి కుడిదే. నీకు ఎడమ చెయ్యి ఎలాగో ఆయనకు అది అలాగ.

ఇక గిటారు మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. అప్పుడు ఆ ఫ్యాక్టరీలో మేనేజరు ఒక రికార్డు తెచ్చి వినమన్నాడు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. విన్నాక చెప్పాడట, ఇది వాయించినవాడికి అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనిచేయకుండా పోయాయని. ఆ మాట మీద ఐయోమీ లేచాడు. గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, ఉండ చేసి, వేలికి సరిపోయేలా టోపీల్లాగా అరగదీసుకున్నాడు, తీగ జారకుండా వాటి మీద తోలు ముక్క అంటించాడు. మామూలు గిటారు తీగలు నొక్కడానికి బిరుసుగా ఉంటే బాంజో అనే వాయిద్యానికి వేసే సన్న తీగలు తెచ్చి బిగించుకున్నాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి తీగలనే బాగా వదులు చేసి, శ్రుతి కిందికి దించేశాడు. ‘పారనాయిడ్’కు ఇంకా మామూలు శ్రుతే.

ఒకసారి నేను రెండు వేళ్లకూ సైకిల్ ట్యూబు ముక్కలు గట్టిగా చుట్టుకుని గిటారు పట్టి చూశాను, ఆయనకు ఎలా ఉండేదో తెలుసుకుందామని. తీగ మీద వేలు ఉందో లేదో వేలికి తెలియదు. ఎంత నొక్కానో తెలియదు. చెవి ఒక్కటే చెప్పాలి. పది నిమిషాలకే చెయ్యి పడిపోయింది. ఆ తర్వాత ‘ఐరన్ మ్యాన్’ విన్నప్పుడు ఒక్కొక్క స్వరం ఎంత జాగ్రత్తగా పెట్టాడో నాకు వేరేగా వినబడింది.

వేలు పోబట్టే అంత గొప్ప సంగీతం పుట్టిందని కొందరు అందంగా రాస్తుంటారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. వేలు పోవడం నష్టమే, ఆయనకూ నీకూ. ఆ మిషన్ దగ్గర అలవాటు లేనివాణ్ణి నిలబెట్టకపోయి ఉంటే చాలా బాగుండేది.

నీ సంగతికొస్తే, ముందు వేలు పూర్తిగా మాననీ, డాక్టరు సరే అనేదాకా తీగ ముట్టొద్దు. తర్వాత ఎలక్ట్రిక్ గిటారుకు వేసే సన్న తీగలు, 9 నంబరు సెట్టో 8 నంబరుదో అడిగి వేయించుకో, కావాలంటే శ్రుతి ఇంకొంచెం దించుకో. ఐదు నెలలే అయిందన్నావు కాబట్టి నీకు ఇంకో దారి కూడా ఉంది, గిటారు తిప్పి పట్టుకుని కుడిచేత్తో తీగలు నొక్కడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవచ్చు. ఐయోమీ అప్పటికే బ్యాండుల్లో వాయిస్తున్నవాడు, చెయ్యి మార్చుకోవడం అంత సులువు కాదు. నీకు పోయేది ఐదు నెలలే. ‘ఐరన్ మ్యాన్’ రిఫ్‌ను లావు తీగ ఒక్కదాని మీదే వాయించవచ్చు, చూపుడు వేలూ మధ్యవేలూ చాలు. అది వచ్చాక ఫోన్‌లో రికార్డు చేసి ఈ పేజీకి పంపు, తప్పులున్నా సరే.

దానికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. పనిలో వేలు పోతే పరిహారం అడిగే హక్కు 1923 నాటి చట్టం నుంచీ ఉంది. ఈఎస్ఐ కార్డు ఉంటే దాని కింద, లేకపోతే లేబర్ ఆఫీసులో కాగితం పెట్టుకోవాలి. ఆస్పత్రి చీటీలు, దెబ్బ తగిలిన తేదీ, అప్పుడు పక్కనున్నవాళ్ల పేర్లు జాగ్రత్తగా పెట్టుకో. నీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఇచ్చారా, అడిగావా? వచ్చే ఉత్తరంలో అది రాయి.