తొమ్మిదో తరగతిలో హాజరు 68 శాతం, ఎఫ్ఏలో ఏ2, ఎస్ఏలో సీ1: పాపకి ఇబ్బంది ఉంటుందా?

ప్రశ్న: మా అక్కాబావా చెన్నైలో బిల్డింగ్ పనులకి వెళ్లారు. మేనకోడలు ఆమదాలవలస దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది, మా అమ్మ దగ్గర ఉంటుంది. డెంగ్యూ వచ్చి కొన్నాళ్లు, దసరాకి చెన్నై వెళ్లి అక్కడే ఉండిపోయి ఇంకొన్నాళ్లు బడి పోయింది. డిసెంబర్ ఆఖరికి హాజరు 68 శాతం. 75 లేకపోతే పరీక్ష రాయనివ్వరంటున్నారు, నిజమేనా? ఫార్మేటివ్ (ఎఫ్ఏ)లో ఏ2 తెచ్చుకున్న పిల్లకి సమ్మేటివ్ (ఎస్ఏ)లో సీ1 రావడమేంటి?

జవాబు: నేను శ్రీకాకుళం జిల్లాలోనే జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెబుతూ వస్తున్నాను. పలాస వైపు కొన్నేళ్లు చేశాను, ఇప్పుడు ఇటు. క్లాస్ టీచర్‌గా హాజరు పట్టీ, మార్కుల రిజిస్టరు రెండూ నా చేతుల్లోనే ఉంటాయి కాబట్టి తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందు హాజరు సంగతి. 75 శాతం అనేది నిజంగా అడ్డొచ్చేది పదో తరగతి పబ్లిక్ పరీక్షకి. తొమ్మిదిలో ఏడాది చివర పెట్టే ఎస్ఏ-2 స్కూల్లోనే జరిగే పరీక్ష, దానికి హాల్ టికెట్ లాంటిదేమీ ఉండదు. అయినా ఆ మాట ఎవరన్నా అంటే కోపం తెచ్చుకోకండి, వచ్చే ఏడాది ఇదే అలవాటు కొనసాగితే ఏమవుతుందో అని ముందే భయపెడుతున్నారు, అంతే. ఇంకో సంగతి, 2020లో అమ్మఒడి మొదలైనప్పటి నుంచి 75 శాతం అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది, ఇప్పుడు తల్లికి వందనంలోనూ అదే షరతు. 15 వేలలో 2 వేలు బడి నిర్వహణకి పట్టుకుని 13 వేలు తల్లి ఖాతాలో వేస్తారు కదా, హాజరు తగ్గితే ఆ డబ్బు దగ్గర చిక్కు వస్తుంది. చెన్నైలో కూలి చేసుకునే తల్లికి 13 వేలంటే చిన్న మాట కాదు.

ఇప్పుడు లెక్క చూడండి, మీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఏడాదికి ఉజ్జాయింపుగా 220 పనిరోజులు అనుకుందాం. డిసెంబర్ ఆఖరికి ఓ 140 రోజులు బడి జరిగి ఉంటే, 68 శాతమంటే పాప 95 రోజులు వచ్చినట్టు. మిగిలింది 80 రోజులు. అన్నీ వస్తే 175 అవుతుంది, అంటే దాదాపు 80 శాతం. పది రోజులు మానేసినా 165, సరిగ్గా 75 మీద ఉంటుంది. అంతకు మించి ఒక్కరోజు మానినా గీత కిందకి పోతుంది. మీ స్కూల్ పనిరోజులు క్లాస్ టీచర్‌ని అడిగి ఇదే లెక్క మీరూ వేసుకోండి, ఓ చీటీ మీద రాసి పాపకి ఇవ్వండి. తొమ్మిదో తరగతి పిల్ల, శాతాలు తనకి వచ్చు, తన లెక్క తను చూసుకుంటే మనం పొద్దున్నే వెంటబడక్కర్లేదు.

ఈ పది రోజులు ఎక్కడ పోతాయో కూడా నాకు తెలుసు. సంక్రాంతికి మీ అక్కాబావా ఊరొస్తారు. కనుమ, ముక్కనుమ అయ్యాక తిరిగి బండెక్కేటప్పుడు తల్లికి మనసొప్పదు, ఓ వారం మా దగ్గరుండి వస్తుందిలే అని పిల్లని తీసుకెళ్లిపోతారు. ఆ బాధని నేను తప్పుపట్టను, ఏడాదికి ఒకటి రెండుసార్లు పిల్లని చూసుకునే తల్లికి నియమాలు చెప్పడం కష్టం. కానీ ఆ వారం రెండు వారాలవుతుంది, మా తరగతుల్లో ప్రతి జనవరిలోనూ చూస్తున్నాను. బడి తెరిచాక ఓ పావువంతు బెంచీలు ఖాళీగా కనిపిస్తాయి. ఈసారికి తల్లినే ఇంకో నాలుగు రోజులు ఊళ్లో ఉండమని అడగండి. వేసవి సెలవుల్లో ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు చెన్నైలో ఉండొచ్చు.

డెంగ్యూ రోజుల కాగితాలు దాచారా? రక్తపరీక్ష రిపోర్టు, డాక్టరు చీటీ ఏది దొరికినా జిరాక్స్ తీసి, సెలవు చీటీతో కలిపి ఇప్పుడే క్లాస్ టీచర్‌కి ఇవ్వండి. అనారోగ్యం వల్ల హాజరు తగ్గిన పిల్లలకి పదో తరగతిలో మినహాయింపు అడిగే పద్ధతి ఉంది, హెచ్‌ఎం (హెడ్మాస్టర్) ద్వారా వెళ్తుంది. మా స్కూల్లో పదో తరగతి అమ్మాయికి కామెర్లు వచ్చి హాజరు బాగా పడిపోయింది. వాళ్ల నాన్న ఆసుపత్రి కాగితాలన్నీ ఒక సంచిలో దాచి తెచ్చాడు, ఆయనకి చదువు రాదు కానీ ఒక్క చీటీ పారేయలేదు. దాంతో పైకి రాయడం తేలికైంది, అమ్మాయి పరీక్ష రాసింది, పాసైంది. మార్చిలో పరిగెత్తి సర్టిఫికెట్ తెచ్చేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది, ఎందుకంటే అప్పటికి మా చేతుల్లో ఏమీ ఉండదు.

హాజరు ఇప్పుడు యాప్‌లో వేస్తున్నాం కాబట్టి ఇంకో జాగ్రత్త. పొద్దున్న ఆన్‌లైన్‌లో హాజరు పంపించేశాక ఆలస్యంగా వచ్చిన పిల్లలు కొన్నిచోట్ల గైర్హాజరుగానే ఉండిపోతారు. నెలకోసారి అడిగి చూసుకోండి, మేస్టారు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి, అడిగే ఇంటివాళ్లుంటే మాకే సంతోషం.

ఇక ఏ2, సీ1 గొడవ. ఇది చాలామంది తల్లిదండ్రులకి అర్థం కాదు, మేమూ సరిగ్గా చెప్పం. మేం ఏళ్లుగా పెడుతూ వచ్చిన పద్ధతిలో ఫార్మేటివ్ 50 మార్కులకి, ఇప్పుడు మీ స్కూల్లో ఎలా పంచుతున్నారో ఒకసారి అడగండి. అందులో కూర్చుని రాసే స్లిప్ టెస్ట్ 20 మాత్రమే. మిగతా 30 మార్కులూ తరగతిలో పాల్గొనడానికి పది, నోటుపుస్తకాలకి పది, ప్రాజెక్టుకి పది. బుద్ధిగా ఉండి నోట్సు పూర్తిచేసి, చార్టు మీద బొమ్మలు అతికించి తెచ్చే పిల్లకి ఆ 30 మార్కులూ దాదాపు వచ్చేస్తాయి. స్లిప్ టెస్ట్‌లో 11 వచ్చినా మొత్తం 41, అంటే ఏ2. అదే 20కి 11 అంటే 55 శాతం, గ్రేడుల్లో చెప్పాలంటే 51 నుంచి 60 మధ్య ఉండే సీ1. ఎస్ఏ పూర్తిగా రాసే పేపర్ కాబట్టి అక్కడ అసలు రంగు బయటపడింది. మీ పాప దిగజారలేదు, మొదటి నుంచీ అక్కడే ఉంది, ఎఫ్ఏ గ్రేడు వల్ల కనిపించలేదు. నాకు ఈ ప్రాజెక్టు మార్కుల మీద గౌరవం ఉంది, పిల్ల మాట్లాడటం, చేత్తో చేయడం కూడా చదువే. కాకపోతే గైడు చూసి ఎక్కించిన ప్రాజెక్టుకి పదికి పది వేసి ఇంటికి పంపితే ఆ ఇంటివాళ్లని మోసం చేసినట్టే అని నా అభిప్రాయం, స్టాఫ్ రూమ్‌లో కూడా ఇదే అంటాను.

ఎందుకింత పట్టింపు అంటే, పదిలో ఈ 30 మార్కుల ఆసరా ఉండదు. ఒకప్పుడు పబ్లిక్‌లో 20 మార్కులు ఇంటర్నల్‌కి ఉండేవి, 2019-20 నుంచి తీసేశారు. 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దై ఫార్మేటివ్ మార్కులతోనే గ్రేడులిచ్చారు కానీ అది ఆ కష్టకాలానికి చేసిన ఏర్పాటు. 2022 నుంచి గ్రేడులు కూడా పోయి మార్కులే ఇస్తున్నారు. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు, పాసవ్వాలంటే సబ్జెక్టుకి 35, హిందీకి 20. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది కదా, అక్కడ సీటు ఈ మార్కులతోనే ఇస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు కూడా. మన ఊరి పక్కనే ఉన్న అవకాశం.

హాజరుకీ మార్కులకీ నియమాల్లో సంబంధం లేదు, ఎక్కువ రోజులు వచ్చినందుకు ఒక్క మార్కు కూడా కలపరు. కానీ లెక్కల్లో మాత్రం మానేసిన రోజులు ఆన్సర్ షీటు మీద కనిపిస్తాయి. పలాసలో ఉన్నప్పుడు జీడిపిక్కల సీజన్‌లో తోటలకి వెళ్లిపోయే పిల్లలుండేవారు. ఒక అబ్బాయి రోజూ గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవాడు. ఎందుకురా అంటే, బోర్డు మీద ఏం రాస్తున్నారో అర్థం కావట్లేదు మేస్టారూ, సిగ్గేస్తోంది అన్నాడు. మానడానికి కారణం తోట, మళ్లీ రాకపోవడానికి కారణం ఆ సిగ్గు. పక్కింటి అబ్బాయిని తోడు కూర్చోబెట్టి, బహుపదులు మొదటి నుంచి సాయంత్రం పూట చెప్పాక కానీ కుదుటపడలేదు. మీ పాప కూడా దసరా తర్వాత రావడానికి వెనకాడుతోందేమో మెల్లగా అడగండి.

పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్లూ పది ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది, 2025లో 93.90 శాతం పాసయ్యారు, రాష్ట్రం మొత్తం మీద 81.14. ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు అక్కడ ఎక్కువ. బడి మానే వీలు లేకపోవడం దానికి ఒక పెద్ద కారణమని నేను నమ్ముతాను. మీ అమ్మగారికి ఓపిక తగ్గుతుంటే పదో తరగతికి ఆడపిల్లలు ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయం గానీ, దగ్గర్లో హాస్టల్ గానీ వీలవుతుందేమో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి. చెన్నై తీసుకెళ్లి తమిళ బడిలో చేర్చే ఆలోచన మాత్రం వద్దు, ఈ వయసులో భాష మారితే పిల్ల నిలదొక్కుకోవడం చాలా కష్టం.

రేపు స్కూలుకి వెళ్లినప్పుడు గ్రేడు అడక్కండి, స్లిప్ టెస్ట్‌లో ఎన్నికి ఎంతో సబ్జెక్టుల వారీగా రాయించుకు రండి. అవి ఇక్కడ పెడితే, లెక్కల్లో ఏ పాఠాలు ముందు పట్టుకోవాలో నేను చెబుతాను.