కొత్త చేపల ఒంటి మీద తెల్ల చుక్కలు

ప్రశ్న: చెన్నై నుంచి తెచ్చిన రెండు క్లౌన్ చేపలకి వారం తిరక్కుండానే తెల్ల చుక్కలు వచ్చాయండి. ఉప్పునీటి ట్యాంకులో పగడాలు, రొయ్యలు కూడా ఉన్నాయి. మందు అందులోనే వేసేయొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వద్దండి, ఆ ట్యాంకులో మాత్రం వేయకండి. దీనికి వాడేది రాగి మందు, చేపని బతికించే మోతాదే రొయ్యల్నీ పగడాల్నీ చంపేస్తుంది. ముందు పక్కనుంచి టార్చి వేసి చూడండి. చుక్కలు విడివిడిగా, లెక్కపెట్టేలా ఉంటే ఇక్ (పరాన్నజీవి వల్ల వచ్చే తెల్ల చుక్కల జబ్బు) కావచ్చు. పిండి జల్లినట్టు సన్నగా ఉండి, చేప గబగబా మొప్పలాడిస్తుంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు, రేపటిదాకా ఆగొద్దు, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీసేస్తుంది.

చేపల్ని రాళ్లు, ఇసుక, ఫిల్టర్‌లో వేసే కార్బన్ (ఇవి మందుని పీల్చేస్తాయి) లేని వేరే ట్యాంకులోకి మార్చి, డబ్బా మీద చెప్పిన మోతాదులో రాగి మందు మొదలుపెట్టండి, నీళ్లలో రాగి ఎంతుందో టెస్ట్ కిట్‌తో రోజూ కొలవాలి, ఉజ్జాయింపుగా పోస్తే చేపకే ముప్పు. అమ్మోనియా పెరక్కుండా నీళ్లు మారుస్తూ ఉండండి.

చుక్కలు రెండ్రోజుల్లో మాయమైతే తగ్గిపోయిందని మందు ఆపేయకండి! ఇక్ పరాన్నజీవి చేపని వదిలి అడుగున పొర కట్టుకుని ఉంటుంది, అందులోంచి వందల పిల్లలు బయటికొచ్చి మళ్లీ చేపని పట్టుకుంటాయి. అందుకే పాత ట్యాంకుని 76 రోజులు చేపల్లేకుండా ఉంచమంటారు, పగడాలకి, రొయ్యలకి ఏమీ కాదు. ఈలోపు మైపాడు నుంచి క్యాన్లలో తెచ్చిన సముద్రపు నీళ్లు అందులో నేరుగా పోయకండి, వాటితో పరాన్నజీవి మళ్లీ రావచ్చు.