నిమ్మ తులసి వేసుకునే అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

సోంపేట నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. విజయనగరంలో మీ కొత్తింటి డాబా మీద నిమ్మ తులసి వేస్తానన్నావు, విత్తనాల ప్యాకెట్ చదివితే టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

‘మంచు కాలం పూర్తిగా వెళ్లాక నాటండి’ అన్న మాటను పట్టించుకోకు. అది నీళ్లు గడ్డకట్టే చలి ఉన్న దేశాల వాళ్లకి. అక్కడ ఒక్క రాత్రికే ఈ మొక్క నల్లబడి చచ్చిపోతుంది. మన సంక్రాంతి చలికి ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది, అంతే. మనదగ్గర దాన్ని పాడుచేసేవి కుండీలో నిలిచే నీళ్లు, తొందరపడి వచ్చే పూత.

దీపావళి వెళ్లాక వెయ్యి. అక్టోబర్ అంటే తుఫాన్ల నెల. 2018లో తిత్లీ మా ఉద్దానంలో కొబ్బరి చెట్లనే పడగొట్టింది, నీ కుండీలు ఏపాటి? నవంబర్‌లోనూ వాయుగుండం అన్నారంటే కుండీలు మెట్ల కిందకి చేర్చు. శివరాత్రి దాటాక ఇంకో విడత వేసుకోవచ్చు. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) కలుపు. గత్తం మరీ ఎక్కువ వేస్తే ఆకు పెద్దదై వాసన పలచబడుతుంది. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూసుకో.

గింజలు నానబెట్టకు. సబ్జాలాగే తడి తగలగానే జిగురు కట్టి, వేళ్లకి అంటుకుని ఒకేచోట ముద్దగా పడతాయి. ముందు మట్టి తడిపి, పొడి గింజలు పలచగా చల్లి, పైన కనపడీ కనపడనట్టు ఇసుక జల్లు. చెంబుతో పోస్తే అన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించు. వారం పది రోజుల్లో మొలుస్తాయి. గుంపుగా ఉంటే కాడ నేల దగ్గర మెత్తబడి వాలిపోతుంది. మనసొప్పకపోయినా కొన్ని పీకెయ్.

నాలుగు జతల ఆకులు రాగానే తలచిగురు గిల్లాలి. కాడ మీద ఆకులు ఎదురెదురుగా ఉంటాయి కదా, వాటి మొదళ్లలో ఆవగింజంత చిగుళ్లు కనిపిస్తాయి. సరిగ్గా వాటికి కొంచెం పైన గిల్లు. ఆ రెండూ రెండు కొమ్మలవుతాయి. తర్వాత ఆ కొమ్మల్నీ అలాగే. పూతకి దీనికి తొందరెక్కువ, వెన్ను కనపడిన రోజే తుంచెయ్. వదిలేశావా, ఆకు చిన్నదవుతుంది, కాడ కట్టెలా గట్టిపడుతుంది. మీ అత్తగారు సందెవేళ తులసి గిల్లకూడదంటే, ఇది పూజ తులసి కాదు, వేరే జాతని మెల్లగా చెప్పు.

పైమట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యి. మే నెలలో మధ్యాహ్నం నీడ కావాలి. పిండిపురుగు పడితే నీళ్లు గట్టిగా కొట్టి కడిగెయ్, తగ్గకపోతే సబ్బు నీళ్లలో కాస్త వేపనూనె. తినే ఆకు కాబట్టి మందుల జోలికి వెళ్లకు.

చలికి చావదు కదా అని పాత మొక్కనే ఏళ్ల తరబడి పట్టుకుని ఉండకు. వానాకాలానికి ముందే పూత లేని లేత కొమ్మలు జానెడు పొడవున కోసి, కింది ఆకులు తీసి, గ్లాసు నీళ్లలో నీడన పెట్టు. నీళ్లు మారుస్తుంటే రెండు వారాల్లోపే వేళ్లు వస్తాయి. వాటిని చూరు కింద కుండీలో పాతుకో.

వంటలో చివర్న వెయ్యి. ఆ నిమ్మ వాసన సిట్రాల్ అనే పదార్థం వల్ల, నిమ్మగడ్డిలో ఉండేదే. మరిగిస్తే ఆవిరిలో పోతుంది. చారు దించాక వేస్తే బాగుంటుంది, వేపిన చేప మీద ఇంకా బాగుంటుంది. చేపల పులుసులో మాత్రం దండగ, చింతపండు ముందు దాని వాసన నిలవదు. కోసిన ఆకు ఫ్రిజ్‌లో పెడితే నల్లబడుతుంది, కొమ్మలుగా నీళ్లలో నిలబెట్టు.

మిగిలిన గింజల్ని సబ్జాలా షర్బత్‌లో వేసుకోవచ్చా అన్నావు. నీ మొక్కవైతే వేసుకో. ప్యాకెట్‌వి వద్దు, విత్తనశుద్ధికి మందు కలిపి ఉండొచ్చు.

పెద్దమ్మ